ముప్పై ఒక్క సెకండ్ల లొల్లి

కిషన్‌బాగ్‌ల బర్ల కొట్టాల వెనుక ఒక బావి ఉంటుండె. ఉంటుండె అని ఎందుకంటున్ననంటే, ఇప్పుడు దాని మీద సిమెంటు పలక ఉన్నది.

ఆ బావికి మంచి పేరు లేదు. పన్నెండేండ్లల్ల ముగ్గురు పోయిన్రు అందుల. ముగ్గురూ ఈత వచ్చినోళ్లే. ఎవలూ తాగి లేరు. జారి పడ్డరంటే ఒంటి మీద ఒక్క గీత లేదు... మెట్టు మెట్టు మీద కాలు పెట్టి దిగినట్టె పోయిన్రు. చీకటి పడినంక ఆ గల్లీల కెళ్లి ఆటోలు పోవు. రెండింతల కిరాయి ఇస్తమన్నా పోవు.

ఆఖరికి పోయినోడు మురళి. ఇరవై ఆరేండ్ల పిలగాడు. కొట్టం వాళ్లదే... వాళ్ల నాయన పోయినంక చిన్నాయన రామ్‌చందర్ చూసుకుంటుండె.

మురళి పోయినంక రామ్‌చందర్ ఒక పని మొదలుపెట్టిండు. బర్లన్నీ అమ్మేసిండు. గని బావి మోటర్ మాత్రం బంద్ చెయ్యలే. పొద్దుమాపు ఆగకుండ నడుస్తనే ఉంటది. నీళ్లు ఉత్తగనే మోరీలకు పోతుంటయి. ఎందుకని అడిగితే కొట్టనీకి వస్తుండె.

ఇగ మంది ఊకుంటరా. అన్న కొడుకును చంపి బావిల ఏసిండు, రక్తం కడుగుతున్నడు అన్నరు.

ఇప్పుడు చెప్పేది నేను చూసింది కాదు. హరిప్రియ నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్న. నేను డబ్బింగ్ చెప్పుకొని బతికేటోన్ని. హరిప్రియ సౌండ్ మనిషి. వాళ్లది రాజమండ్రి దిక్కు. తల్లి కామేశ్వరమ్మతోటి మలక్‌పేటల మూడో అంతస్తుల ఉంటది. పాత క్యాసెట్లు, ఖరాబైన రికార్డింగులు తెస్తే, గరగరంత తీసేసి గొంతు మిగిల్చి ఇచ్చుడు ఆమె పని. పదిహేనేండ్ల సంది అదే పని. అబద్ధం చెప్పే రకం కాదు... భయపడే రకం అసలే కాదు.

మొన్నటి వానాకాలంల, మురళి పోయిన రెండేండ్లకు, ఒక పొద్దు వాని తల్లి బుచ్చమ్మ, చెల్లె అమల, హరిప్రియ ఇంటికొచ్చిన్రు.

బుచ్చమ్మ కూసోలే. నీళ్లు తాగలే. కొంగు ముడిల నుంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నా కొడుకు పోయే ముందల నాకు మెసేజ్ పెట్టిండు. నోటితోటి మాట్లాడి పెట్టిండు. మోటర్ లొల్లిల ఒక్క ముక్క సమజ్ కాదు. నువ్వు తీస్తవట గద. తియ్యి."

ముప్పై ఒక్క సెకండ్లు. రాత్రి రెండు దాటినంక వచ్చిన మెసేజ్. హరిప్రియ పెట్టి విన్నది. మోటర్ మోతనే ఉన్నది. దాని కింద ఎవరో మాట్లాడుతున్నరని తెలుస్తున్నది... ఏం మాట్లాడుతున్నరో తెలుస్తలేదు. గోడ అవతల మాట లెక్క.

"పోలీసులు జారి పడ్డడని రాసిన్రు" అన్నది అమల. "వకీల్ ఏమంటున్నడంటే, ఇందుల మా కాక రామ్‌చందర్ పేరుంటే కేసు మల్ల తెరుస్తరంట. అందుకే అమ్మ బావి ముయ్యనిస్తలేదు. సాక్ష్యం, సబూతు అంత ఆన్నే ఉన్నదంటది."

"పేరు ఉంటది" అన్నది బుచ్చమ్మ. "ఉండాలె."

హరిప్రియ ముందుగాల కొత్త రకం సాఫ్ట్‌వేర్‌ల పెట్టింది. ఇప్పుడొచ్చినవి మస్తు తెలివైనవి. గొంతు వినిపించని కాడ, గీడ గిది ఉండొచ్చని తామే నింపుతయి. ఒక్క నిమిషంల బయటికొచ్చింది... సాఫ్‌గ, పక్కన నిలబడి చెప్పినట్టు.

"కాకా, వద్దు."

అమల నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. బుచ్చమ్మ కండ్లు మూసింది. ఆ మొఖం మీద వచ్చింది ఏడుపు కాదన్నది హరిప్రియ. ఆకలైనోని ముందల పళ్లెం పెడితే వస్తది చూడు... గది.

గని హరిప్రియకు అనుమానమొచ్చింది. అదే మెసేజ్‌ను ఇంకోసారి నడిపింది. ఈసారి "దీపం పెట్టు" అన్నది. మూడోసారి ఏ భాషో తెలువని మాటలొచ్చినయి.

"అమ్మా, ఇది మీ అబ్బాయి మాట కాదండి. వినపడనిచోట మిషనే అల్లేస్తోంది. దీన్ని నమ్మి ఒక మనిషిని జైలుకి పంపలేం."

"మొదటిది ఇయ్యి. మిగిలినయి తీసెయ్యి."

"ఇవ్వనండి."

బుచ్చమ్మ ఆమె దిక్కు చూసింది. "నీ పైసలు నీకిస్త. నీకేం నొస్తుంది? ఎంత తిన్నవ్ రామ్‌చందర్ కాడ?"

ఆ మాట హరిప్రియకు ముల్లు గుచ్చినట్టైంది. సాఫ్ చేస్తే పాత పద్ధతిలనే చెయ్యాలె అనుకున్నది. పాత పద్ధతి ఏందంటే... ఉత్త లొల్లి ఎట్లుంటదో ముందుగాల పట్టాలె. అదే మోటర్, అదే జాగ, అదే టైము, మనిషి గొంతు లేకుండ. దాన్ని చూపిస్తే మిషన్ ఆ మోతనే గుంజి పారేస్తది. మిగిలిందేదో అసలుది. కల్పించుడు లేదు, నింపుడు లేదు.

టైము ఎందుకంటే, రాత్రి రెండింటికి కరెంట్ నిండుగుంటది. మోటర్ మోత పగటి లెక్క ఉండదు, జర సన్నగైతది. ఆ సన్న మోతనే కావాలె.

అంటే... ఆ బావి కాడికి రాత్రి పోవాలె.

రామ్‌చందర్ గేటు కాడనే ఆపిండు. అరవై ఏండ్ల మనిషి. నిద్ర లేని కండ్లు. రెండు చెవులల్ల దూది కుక్కుకున్నడు. హరిప్రియ గట్టిగ అరిచి చెప్పాల్సొచ్చింది.

"ఆ ముసల్దాని మనిషివా?"

"ఎవరి మనిషినీ కాదండి. మోటర్ శబ్దం పది నిమిషాలు రికార్డ్ చేసుకుని వెళ్లిపోతాను. అందులో మీ పేరు లేకపోతే లేదనే చెప్తాను."

రామ్‌చందర్ గేటు తీసిండు.

"మోటర్ మీద చెయ్యి పడొద్దు. బంద్ చేసినవనుకో... నేను జిమ్మేదార్ కాదు. బావి గోడకు మూడడుగులు ఇవతలనే ఉండు. ఆడ ఎవరన్న పలకరిస్తే జవాబియ్యకు."

"ఇంకెవరున్నారు ఇక్కడ?"

ఆయన పోయి గేటు పక్కన స్టూల్ మీద కూసున్నడు, బావి దిక్కు వీపు పెట్టి. బెదిరిస్తున్నడు అనుకున్నది హరిప్రియ. బెదిరిస్తున్నడంటే దాస్తున్నడు అనుకున్నది.

రేకుల కింద ఒక్క బల్బు. గుండ్రటి రాతి బావి, లోపలికి మెట్లు. మైకు స్టాండు పెట్టింది, మైకును బావి దిక్కు తిప్పింది, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నది. రెండు కొట్టంగ రికార్డింగ్ నడిచింది. పది నిమిషాలు... మోటర్ మోత తప్ప ఏం లేదు.

పని అయిపోయింది. సంచి సర్దుకోని రావచ్చు.

గని పనిమంతులకు ఒక రోగముంటది. ఉత్త మోటర్ దొరికింది, మోటర్ లేకుండ ఉత్త జాగ ఎట్లుంటదో అది గూడ దొరికితే... ఇంక సాఫ్ వస్తది. ఒక్క అర నిమిషం చాలు. గేటు దిక్కు చూసింది. రామ్‌చందర్ వీపు కనిపిస్తున్నది. చెవులల్ల దూది.

స్విచ్ కొట్టం స్తంభానికున్నది. బంద్ చేసింది.

మోటర్ మూలిగి, మూలిగి... ఆగింది.

అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదన్నది. గల్లీల ఒక కుక్క గూడ లేదు. హెడ్‌ఫోన్‌ల నీటి చుక్క పడుతున్నది... టప్... టప్... దాని నడుమ ఇంకోటి. సన్నగ. ఊపిరి తీసినట్టు.

"ప్రియా..."

వాళ్లమ్మ.

మలక్‌పేటల మూడో అంతస్తుల మందులేసుకోని పండుకున్న కామేశ్వరమ్మ.

"ప్రియా... ఇక్కడ చీకటిగా ఉందే. కాలు విరిగిపోయినట్టుంది."

హరిప్రియ జవాబియ్యలే. "నాకు తెలుసన్నా" అన్నది నాతోటి. "అమ్మ ఇంట్లో ఉందని తెలుసు. తలుపు నేనే బయట తాళం వేసి వచ్చాను. తెలిసి కూడా ఏం లాభం లేదు. తెలియడం ఒక పక్క ఉంది. కాళ్లు ఇంకోపక్క ఉన్నాయి."

"వినపడట్లేదా? పైన నిలబడి ఉన్నావు కదే. చెయ్యి అందివ్వడానికి కూడా బరువయ్యానా?"

గొంతు మారింది. అదే అమ్మ గొంతు... గని అమ్మ ఎన్నడూ మాట్లాడని తీరు.

"నిన్నే. దిగు. మీ నాన్నని చూసినట్టే నన్నూ చూస్తూ ఊరుకుంటావా? ఆరోజు కూడా ఇలాగే నిలబడ్డావు. దిగవే దరిద్రపుదానా... దిగు..."

వాళ్ల నాయన పోయిన దినం దవాఖాన వరండాల ఆమె ఒక్కతే నిలబడి ఉండె. ఆ సంగతి వాళ్లమ్మకు గూడ తెలువది.

చెప్పులు ఎప్పుడు ఇడిచిందో తెలువదు. పాదం కింద సల్లగ రాయి తగిలింది. బావి గోడ దాటి మొదటి మెట్టు మీద ఉన్నది. రెండో మెట్టు మీద ఉన్నది. మూడో మెట్టు కోసం కాలు చీకట్ల వెతుకుతున్నది...

వెనుకనుంచి జుట్టు పట్టి గుంజిండు రామ్‌చందర్.

ఈడ్చుకొచ్చి కొట్టంల పడేసిండు. ఉరికిపోయి మోటర్ ఏసిండు. మోత మొదలైంది. వెనక్కొచ్చి చెంప మీద గట్టిగ ఒక్కటి ఇచ్చిండు. అప్పటిదాక ఆమెకు ఊపిరాడలే.

చెవులల్ల దూది ఉన్నాయనకు ఎట్ల తెలిసిందంటే... మోటర్ ఆగితే బల్బు ఎలుగు పెరుగుతది. ఎదురు గోడ మీద ఎలుగు చూసి ఉరికిండు.

"ఎవరి గొంతు?" అని అడిగిండు, ఒక చెవుల దూది తీసి.

"మా అమ్మ."

"ఉన్నదా, పోయిందా?"

"ఇంట్లో ఉంది."

తల ఊపిండు. "నాకు మా అన్న గొంతు. మురళిగాని నాయన. వాడు పోయిన మర్నాడు మోటర్ బంద్ జేసి ఒక్కన్నే కూసున్న. అప్పుడు ఇన్న. నడుము దాక నీళ్లల్లకు దిగిన. కరెంట్ పోయొస్తే మోటర్ దానంతటదే తిరిగింది... గట్ల బతికిన. అప్పటిసంది బంద్ చేస్తలేను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే ఏమంటరు? చంపి కథలు చెప్తున్నడంటరు. పూడుద్దామంటే మా వదిన పూడ్వనిస్తలేదు. నువ్వైతే ఇగ పో. మల్ల రాకు."

తెల్లారి హరిప్రియ ఆ రికార్డింగుల మోటర్ ఉన్న పది నిమిషాలు కోసి పెట్టుకున్నది. ఆగినంక ఉన్నదాన్ని వినకుండనే చెరిపేసింది. పది నిమిషాల మోత చూపించి, మురళి మెసేజ్‌ల నుంచి ఆ మోతను కొద్దికొద్దిగ తీసింది. రెండు దినాలు పట్టింది. ఆఖరికి నన్ను పిలిచింది.

"నేను వింటున్నది నిజమో కాదో నువ్వు చెప్పన్నా. నేనేం చెప్పను. ముందు విను."

ఆ ముప్పై ఒక్క సెకండ్లు నేను నా చెవులతోటి విన్న. గరగర ఉన్నది, అక్కడక్కడ తెగిపోతున్నది, గని మాట మాటే.

"అమ్మా, మూడుసార్లు చేసిన, ఫోన్ ఎత్తుతలేవేంది. నువ్వు దవాఖానలనే ఉన్నవు గద... మోటర్ ఏసే ముందల బావిలకెళ్లి నీ గొంతు వచ్చిందే, ఏసినంక గూడ చెవుల నుంచి పోతలేదు. నువ్వు కాదని తెలుస్తనే ఉన్నది. గని ఏడుస్తున్నవమ్మా... ఒక్కసారి ఫోన్ ఎత్తు. ఒక్కసారి మాట్లాడు... ఆగు. ఆగు, వస్తున్న."

గంతే.

బుచ్చమ్మ, అమల వచ్చినప్పుడు నేను లేను. హరిప్రియ చెప్పింది. మురళి పోయిన రాత్రి బుచ్చమ్మ షుగర్ ఎక్కువై దవాఖానల ఉన్నదంట. వార్డుల అందరు పండుకున్నరని అమలనే ఫోన్ సైలెంట్‌ల పెట్టిందంట.

బుచ్చమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకోని మొత్తం విన్నది. తీయలే. మల్ల విన్నది. నాలుగోసారి అయినంక అడిగింది.

"రామ్‌చందర్ పేరు లేదా?"

"లేదమ్మా."

అమల నేల మీద కూలబడి ఏడుస్తున్నది. బుచ్చమ్మ ఆమె దిక్కు చూడలే. రెండేండ్ల సంది మనిషిని నిలబెట్టిన కోపం పోయింది. దాని జాగల ఏమొస్తుందో హరిప్రియకు సమజ్ కాలే. దుఃఖమొస్తదనుకున్నది.

"బిడ్డా" అన్నది బుచ్చమ్మ మెల్లగ. "వాని చెవుల నా గొంతు పడ్డది. నీకు నీ తల్లి గొంతు పడ్డదంటివి. ఐతే నేను పోతే... నా చెవుల ఎవరి గొంతు పడ్తది?"

హరిప్రియ ఆమె చెయ్యి పట్టుకున్నది.

"అది మీ అబ్బాయి కాదమ్మా. అది మనల్ని చంపడానికి..."

"నేను గది అడగలే" అన్నది బుచ్చమ్మ.

వాళ్లు పోయిన ఎంటనే హరిప్రియ రామ్‌చందర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఆ పొద్దే మేస్త్రీని మాట్లాడిండు. బుచ్చమ్మ అడ్డం రాలే. బావి ముయ్యొద్దని ఇచ్చిన కాగితం వాపస్ తీసుకున్నది. నాలుగో దినం బావి మీద సలాకలు పరిచి, కాంక్రీట్ పోసి, పలక ఏసిన్రు. పలక గట్టిపడినంక రామ్‌చందర్ మోటర్ బంద్ చేసిండు. రెండేండ్లల్ల మొదటిసారి. చెవి ఆనిచ్చి విన్నడంట... ఏం లేదు.

అయిపోయిందనుకున్నరు.

నెల తిరగక ముందే బుచ్చమ్మ ఒక్కతే మూడంతస్తులెక్కి వచ్చింది. ఈసారి మొఖం మీద నవ్వున్నది. కొంగు ముడిప్పి ఫోన్ తీసింది.

"పలక ఏసే ముందటి రాత్రి, రామ్‌చందర్ కన్నుగప్పి ఫోన్‌ను బొక్కెనల పెట్టి లోపలికి ఇడిసిన. రెండు గంటలు రికార్డ్ ఐంది. మోటర్ నడుస్తుండె, ఏం ఇనిపిస్తలేదు. మోటర్ లొల్లి తియ్యి బిడ్డా. దాని కింద నా కొడుకున్నడు."

హరిప్రియ ఫోన్ ముట్టలే.

"నేను చెయ్యనమ్మా. ఎవరి చేతా చేయించకండి. దాన్ని చెరిపెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

నవ్వు పోయింది.

"నీ తల్లి పక్క అర్రల కూసోని టీవీ చూస్తున్నది. నీ చెవులు నిండుగున్నయి, నీకేం తెలుస్తది. రామ్‌చందర్ పేరు ఉన్నప్పుడు లేదంటివి. నా కొడుకు గొంతు ఉన్నప్పుడు చెయ్యనంటివి. నీకూ నాలెక్కనే రావాలె."

గుమ్మం కాడ ఆగింది.

"నువ్వు కాకుంటె మంది లేరా. ఫోన్లనే అయితదంట ఇప్పుడు. ఒక్క బటన్."

అది నిజమే. ఇప్పుడు ఒక్క బటన్.

పన్నెండు దినాలకు బుచ్చమ్మ పోయిందని కబురొచ్చింది. వాళ్ల ఇంటి వాకిట్ల నీళ్ల సంపు ఉన్నది, నిలువెత్తు లోతు. పొద్దుగాల మూత తీసి ఉన్నది. చీకట్ల కాలు జారిందన్నరు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉన్న సంగతి అమల ఒక్కతే చూసింది, ఎవలకూ చెప్పలే. ఫోన్ గట్టు మీద దొరికితే తీసి బీరువల దాచిపెట్టుకున్నది.

ఆ ఇయర్‌ఫోన్ల ముచ్చట హరిప్రియకు తెలిసింది ఇంకో పది దినాలకు. రాత్రి ఒకటిన్నరకు ఫోన్ మోగింది.

"అక్కా..." అమల గుసగుస పెడుతున్నది. "పండుకున్నవా?"

"లేదు. చెప్పు. ఏమైంది?"

"అమ్మ ఫోన్ తీసి చూసిన. ఒక రికార్డింగ్ ఉన్నది, సాఫ్ చేసింది. అన్న గొంతుంటదేమో అని పెట్టిన." ఆగింది. "అన్న కాదక్కా. అమ్మ మాట్లాడుతున్నది."

హరిప్రియ లేచి కూసున్నది.

"అది అమ్మ కాదు. ఆ రికార్డింగ్ చేసింది అమ్మ బతికుండగా. అమలా... వింటున్నావా? ఇయర్‌ఫోన్ తీసెయ్."

"ఒక చెవులనే ఉన్నది. నువ్వు ఇంకో చెవుల ఉన్నవ్." అమల అటు వింటున్నది, ఇటు చెప్తున్నది. "సల్లగుందంటున్నది అక్కా. ఫోన్ ఎందుకు సైలెంట్‌ల పెట్టినవే అంటున్నది. నీవల్లనే వాడు పోయిండు... నేను పోయిన... వచ్చి నా ముందల చెప్పు అంటున్నది."

ఆ ఎనకనే ఒక చప్పుడు. ఇనుప మూత, గచ్చు మీద గీరుతున్న చప్పుడు.

హరిప్రియ వంటింట్లకు ఉరికింది. మిక్సీ ఉత్త గిన్నెనే పెట్టి, గుండీ ఆఖరి దాక తిప్పింది. ఫోన్‌ను దాని మీద ఆనిచ్చి పట్టుకున్నది. ఆమెకు ఇంకేం తోచలే. లొల్లి కావాలె. ఎంత గలీజ్ లొల్లైతే అంత మంచిది.

కామేశ్వరమ్మ లేచొచ్చింది. "ఏంటే ఇది, ఈ వేళప్పుడు?"

హరిప్రియ సైగ చేసింది... నీ ఫోన్... రామ్‌చందర్. గోడ మీద రాసున్న నెంబర్ చూపించింది. కామేశ్వరమ్మ పక్క అర్రలకు పోయి చేసింది. రామ్‌చందర్ ఇల్లు అమల వాళ్ల ఇంటికి రెండు గల్లీల అవతల.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. మిక్సీ వేడెక్కి కాలిన వాసన వస్తున్నది. అయిదు నిమిషాలు. ఏడు. చెయ్యి మండుతున్నది. ఫోన్ మీద టైము నడుస్తనే ఉన్నది, లైన్ కట్ కాలే.

అప్పుడు ఫోన్లనుంచి అమల గొంతు వచ్చింది. మోతల గూడ సాఫ్‌గ వినిపించింది.

"అక్కా, నేను మంచిగున్న. ఇయర్‌ఫోన్ తీసేసిన. ఫికర్ చెయ్యకు. ఇగ మిక్సీ బంద్ చెయ్యి, చెవులు నొస్తున్నయి."

హరిప్రియకు ప్రాణం లేచొచ్చింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గుండీ మీద చెయ్యి పెట్టింది.

కామేశ్వరమ్మ అర్రలకెళ్లి ఉరికొచ్చి తన ఫోన్ ఆమె చెవికి ఆనించింది. రామ్‌చందర్. ఎగపోస్తున్నడు.

"దొరికింది. అమల దొరికింది. సంపులకెళ్లి గుంజినం... ఊపిరున్నది, బతుకుతది. ఇంక కండ్లు తెరవలే. మేమొచ్చేసరికే నీళ్లల్ల ఉండె."

"మరి... మరి నాతో మాట్లాడింది? ఇప్పుడే మాట్లాడింది. ఆమె ఫోన్..."

"ఏం ఫోన్?" అన్నడు రామ్‌చందర్. "రెండు ఫోన్లూ సంపు అడుగుననే ఉన్నయి."

హరిప్రియ చెయ్యి గుండీ మీదనే ఉన్నది. ఇంకో చేతిల ఫోన్ ఉన్నది. టైము నడుస్తనే ఉన్నది.

"అక్కా" అన్నది అందుల నుంచి. "బంద్ చెయ్యమన్న గద."

ఆమె బంద్ చెయ్యలే. మిక్సీనే పొగ కక్కి, మూలిగి, దానంతటదే ఆగిపోయింది.